పాత కారు నిదానము

ముప్పది నాలుగేండ్లు ఉన్నత పాఠశాలలో సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గొన్న తెలుగు పండితుడు మోటారు కారును గూర్చి మాటలాడ బూనుట మీలో కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్విన దోషము లేదు. నేను యంత్రవిద్య చదివినవాడను గాను. నా చదువు కావ్యములతో మొదలై, వ్యాకరణముతోను కొంత తర్కముతోను ముగిసినది. కాని మా పాత కారు విషయమై నేనొక తప్పు చేసితిని. ఆ తప్పును దిద్దుకొనుటకై ఆ బండిని గూర్చి తెలిసికొనవలసి వచ్చినది. తెలిసికొన్న దానిలో పాత బండ్లు గలవారికి పనికివచ్చు విషయము కొంత యున్నదని తోచి, ఆ వృత్తాంతమును మీకు విన్నవించుచున్నాను.

“నిదానము” అను మాటకు మన వాడుకలో తొందరలేమి యని యర్థము. వైద్యులకు మాత్రము అది రోగకారణమును నిర్ణయించుట. రెండర్థములును ఒకే మాటలో చేరుట కాకతాళీయము కావచ్చును. నా విషయమున మొదటిది లేకపోవుటచే రెండవది చెడినది.

మా కారు 1997వ సంవత్సరమున కొన్నది. మూడు సిలిండరుల చిన్న పెట్రోలు బండి. దాని పేరు చెప్పనక్కఱలేదు. ఆ దినములలో మన వీధులలో ఎటు చూచినను ఆ జాతి బండ్లే కనబడెడివి. ఇప్పటి బండ్లలో పెట్రోలును కొలిచి ఇంజనులోనికి చిమ్మించునది ఒక చిన్న కంప్యూటరు. మా బండిలో ఆ పని చేయునది కార్బురేటరను పాతకాలపు పరికరము. కారు కొన్ననాటి నుండి నేనొక చిట్టా వ్రాయుచున్నాను. ఏనాడు ఎన్ని లీటరులు పోయించితినో, అప్పటికి మీటరు ఎంత చూపినదో అందులో నుండును. హాజరుపట్టీ వ్రాసి వ్రాసి అలవాటైన చేయి, ఊరకుండదు. ఆ చిట్టా ప్రకారము 2012వ సంవత్సరమున మా బండి లీటరునకు 16 కిలోమీటరులు నడచుచుండెను. ఆ తరువాత అంకెలు వ్రాయుటయే గాని, వానిని భాగించి చూచుట మానితిని.

కంటి శుక్లములకు శస్త్రచికిత్స జరిగిన పిదప దూరపు ప్రయాణములకు ఒక కుఱ్ఱవానిని డ్రైవరుగా పెట్టుకొంటిని. అతని తండ్రి నా శిష్యుడు. మా గృహిణి మోకాళ్ళ వైద్యమునకై తెనాలి నుండి గుంటూరునకు వారమున కొకమాఱు పోవలసియుండెను. పోవుటకు పాతిక కిలోమీటరులకు పైగా, వచ్చుటకు మఱి యంతే. 2025వ సంవత్సరపు వానకాలమున రెండు మాసములు మేము హైదరాబాదులో మా అమ్మాయి యింట నుంటిమి. బండి మా వాకిట వేపచెట్టు క్రింద కదలక నిలిచియుండెను. తిరిగి వచ్చిన తరువాత పెట్రోలు ఖర్చు స్పష్టముగా పెరిగినది. చిట్టా తీసి చాల దినములకు భాగించి చూచితిని. లీటరునకు 11 చిల్లర వచ్చినది.

పదునాఱెక్కడ, పదునొకండెక్కడ! లీటరు నూఱు రూపాయలు దాటిన ఈ దినములలో ఈ మాట నలుగురి చెవిని పడకుండునా? పొరుగింటివారు పెదవి విఱిచిరి. డ్రైవరు చేతికి తాళము లిచ్చినచో ఇంతియే యని మఱియొకరు సెలవిచ్చిరి. ఆ కుఱ్ఱవానిని నేను దొంగ యనలేదు. అంతకంటె హీనమైన పని చేసితిని. “పోసిన పెట్రోలంతయు బండియే త్రాగుచున్నదా, నాయనా?” యని నవ్వుచు అడిగితిని. అతడు నా ముఖము వంక ఒక్క క్షణము చూచెను. తాళములు తెచ్చి అరుగుమీద పెట్టి, “వెళ్ళొస్తానండి మాస్టారూ” అని వెడలిపోయెను. ఆ రాత్రి మా గృహిణి నాతో మాటలాడలేదు.

నాకు నిద్ర పట్టలేదు. తర్కసంగ్రహము తెఱచిన ప్రతి విద్యార్థికిని కొండమీది పొగ తెలియును. పొగ యున్నచోట నిప్పుండును గనుక, కొండమీద పొగను చూచి అచ్చట నిప్పు కలదని యూహింతుము. దీనిని తిరుగవేసి, నిప్పున్నచోటనెల్ల పొగ యుండి తీరునన రాదని ఆ శాస్త్రమే హెచ్చరించును. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పు కలదు, పొగ లేదు. నేను చేసినది సరిగా ఆ తిరుగవేతయే. పెట్రోలు దొంగిలించినచో మైలేజీ పడిపోవుట నిజము. మైలేజీ పడిపోయినచోటనెల్ల దొంగతన మున్నదా? ఇట్టి హేతువును సవ్యభిచార మందురని ఇంటికి వచ్చి చదువుకొను పిల్లలకు ఎన్ని మాఱులు చెప్పియుంటినో! తెల్లవాఱక ముందే నిశ్చయించుకొంటిని. పెట్రోలు ఎచ్చటికి పోవుచున్నదో ముందుగా తేల్పవలెను. ఆ కుఱ్ఱవాని మాట ఆ తరువాత.

మా బజారున ఒక ముసలి మెకానిక్కు చిరకాలముగా షెడ్డు నడుపుచున్నాడు. ఆయన వద్దకు పోవుటకు ముందు మఱియొక షెడ్డుకు పోతిని. అచ్చటివారు బానెట్టు ఎత్తి చూచి, కార్బురేటరు మార్చవలెనని ఐదు నిమిషములలో తేల్చిరి. అది నా దొంగతనపు సిద్ధాంతము వంటిదే. ముసలి మెకానిక్కు బానెట్టు ఎత్తలేదు. “ఎంత ఇస్తోందో కొలిచారా, పంతులుగారూ?” అని యడిగెను. చిట్టా చూపితిని. ఆయన దానిని తిరుగవేసి నా చేతిలోనే పెట్టెను. “ఇది కొలత కాదండీ. ఐదొందలకీ వెయ్యికీ పోయించి, ముల్లు చూసి వేసిన అంచనా.”

ఆయన చెప్పిన కొలత యిది. బంకులో గొట్టము తనంతట తాను టక్కున ఆగువఱకు పోయించి, అచ్చటితో విడువవలెను. అంచు వఱకు నింపుమని బలవంతము చేయరాదు. మీటరు అంకె వ్రాసికొనవలెను. తరువాత ఎప్పటివలెనే నడుపుచు కనీసము రెండు మూడు వందల కిలోమీటరులు తిరిగి, అదే బంకునకు, వీలైన అదే గొట్టము కడకు పోయి, మరల అట్లే నింపింపవలెను. రెండవమాఱు పట్టిన లీటరులే మనము కాల్చినవి. పెట్రోలు ముల్లును నమ్మరాదు. పాత బండ్లలో అది ముసలివాని జ్ఞాపకశక్తి వంటిది. సగము వఱకు బాగుగానే చెప్పును, ఆపైన తనకు తోచినది చెప్పును. ఒక్కమాఱు కొలిచి తీర్పు చెప్పుటయు తగదు. టాంకి నిండుటలో లీటరు అర లీటరు తేడా వచ్చుట కలదు గనుక, మూడుమాఱులు కొలిచి సగటు చూడవలెను. బండిని నేనే నెమ్మదిగా పగటిపూట నడుపుచు అట్లు కొలిచితిని. మూడింటి సగటు 228 కిలోమీటరులకు 20 లీటరులు. అనగా లీటరునకు 11.4. పెట్రోలు పోయించినవాడను నేనే, నడిపినవాడను నేనే, అయినను అంకె మాఱలేదు. దొంగ యింటిలో లేడు; దొంగతనము మాత్రము జరుగుచునే యున్నది. ఆనాడే ఆ కుఱ్ఱవాని యింటికి పోవలసినది. కారణము తెలియక ఏ ముఖముతో పోదునని ఆగితిని.

కొలతలో పెట్రోలు ఒక పక్షము, దూరము రెండవ పక్షము. దూరము చెప్పునది మీటరు. ఆ మీటరు సత్యము పలుకుచున్నదా? చక్రము ఎన్నిమాఱులు తిరిగినదో దానికి తెలియునే కాని, నేల ఎంత గడచినదో తెలియదు. చక్రము పెద్దదైనచో ఒక్కొక్క చుట్టునకు బండి ఎక్కువ దూరము పోవును. మీటరు తక్కువ చూపును. అంతకు ముందటి సంవత్సరము మా బండికి క్రొత్త టైరులు వేయించినపుడు, సరియైన కొలతవి దొరకక, కొంచెము పెద్దవి వేయించితిమి. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళు చూచుచు పది రాళ్ళు గడచితిని. మీటరు 9.6 చూపినది. అనగా మేము నడచిన 228 నిజమునకు 237కు పైమాటయే. మైలేజీ 11.4 గాక, 11.9 అయినది. బండికి ఏమియు చేయకయే అర కిలోమీటరు తిరిగి వచ్చినది!

ఇక పెట్రోలు సంగతి. 2012లో మేము పోయించినది దాదాపు అచ్చపు పెట్రోలు. 2025 నాటికి మన దేశమున బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిసినది. చెఱకు మడ్డి నుండియు, నూకలు మొక్కజొన్నల నుండియు తీయు సారాయి వంటి ద్రవ మిది. లీటరు ఇథనాలులోని ఉష్ణశక్తి లీటరు పెట్రోలులోని శక్తికి మూడింట రెండుపాళ్ళు మాత్రమే. కావున ఇరువది పాళ్ళ మిశ్రమమున, అచ్చపు పెట్రోలుతో పోల్చినచో, నూటికి ఇంచుమించు 7 పాళ్ళు శక్తి తగ్గును. ఇది లెక్కలు వచ్చిన ఏ బాలుడైనను కట్టగలడు. ఆ ప్రకారము మా పదునాఱు దాదాపు 15కు దిగవలెను. అంతవఱకు అది ఎవరి తప్పును గాదు. అయితే ఈ నడుమ మైలేజీ పడిపోయిన ప్రతివాడును ఇథనాలునే తిట్టుచున్నాడు. పదునాఱు పదునైదగుటకు అది కారణమే; పదునైదు పండ్రెండగుటకు కాదు. ఒక కారణము నిజమైనంత మాత్రమున తక్కిన కారణములు లేకపోవునా?

ఆ మూడు కిలోమీటరులు వెదకవలసి యుండెను.

ముసలి మెకానిక్కు ఒక చక్కని విభాగము చెప్పెను. తార్కికులు విన్నచో సంతోషించెడివారు. ఇంజనులో శక్తి పుట్టుట ఒకటి, పుట్టిన శక్తి బండిని నడుపుట మఱియొకటి. లోపము పుట్టుటలోనా, పోవుటలోనా? ఇది తేలక పూర్వము ప్లగ్గులని, ఫిల్టరులని సామాను మార్చుచు పోవువాడు చీకటిలో ఱాళ్ళు ఱువ్వుచున్నవాడు. తేల్చుటకు రూపాయి ఖర్చు లేని పరీక్ష కలదు. సమముగా, తిన్నగా, జనసంచారము లేని దారిలో 40 కిలోమీటరుల వేగమున పోవుచు, గేరు తీసి న్యూట్రలులో పెట్టి, బండిని దాని ఇష్టమునకు విడువవలెను. ఇంజను ఆపరాదు, ఆపినచో బ్రేకు బిగుసుకొనును, తాళము త్రిప్పివేసినచో కొన్ని బండ్లలో స్టీరింగు పట్టుకొనిపోవును. బండి ఎంత దూరము దొరలి ఆగునో కొలువవలెను. గాలియు వాలును ఉండును గనుక, ఎదురు దిక్కునను అట్లే చేసి సగటు కట్టవలెను. దొరలుటలో ఇంజనుకు పని లేదు. కావున బండి చాల దూరము పోయినచో రోగము ఇంజను వైపుననే. పోకున్నచో చక్రముల వైపున.

ఒకనాటి ఉదయము ఐదున్నరకు, కాలువ ప్రక్క దారిలో, మా బావమరది కుమారుడు తోడు రాగా ఈ పరీక్ష చేసితిని. పోల్చుకొనుటకు మఱియొక బండి వలయును గదా! మా వీధిలోనే మా బండి యీడుది ఒకటి కలదు. దాని యజమానిని బతిమాలి దానిని కూడ తీసికొనిపోతిమి. ఆ బండి రమారమి 300 మీటరులు దొరలినది. మాది 200 మీటరులకే ఉసూరుమని నిలిచినది. ఆ నూఱు మీటరుల తేడాను చూచి నాకు కలిగిన యానందము, కలిగిన సిగ్గు, ఏది ఎక్కువయో చెప్పజాలను. మాకు తెలియకుండ ఎవడో బండిని వెనుకకు లాగుచునే యున్నాడు.

లాగువానిని పట్టుటకును మార్గము సులభమే. పది కిలోమీటరులు బ్రేకు తొక్కుట వీలైనంత తగ్గించుచు నడిపి, బండి నిలిపి, నాలుగు చక్రముల కడకును అరచేయి దగ్గఱగా పోనిచ్చి చూడవలెను. ముట్టుకొనరాదు, కాలును. మూడు చక్రములు గోరువెచ్చగా నుండి, ఒకటి పొయ్యి ప్రక్క రాయివలె కాగుచున్నచో, బ్రేకు అక్కడ విడువకున్నదని యర్థము. మా బండికి వెనుక రెండు చక్రములును వేడిగా నున్నవి, ఎడమది మఱింత. షెడ్డులో ముందు చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టి, వెనుక భాగము జాకీతో ఎత్తి, హ్యాండు బ్రేకు దించి, మెకానిక్కు ఎడమ చక్రమును చేతితో త్రిప్పెను. తిరుగవలసిన చక్రము అర చుట్టునకే నిలిచిపోయినది. డ్రమ్ము విప్పగా లోపలి బ్రేకు చెప్పులు మాడి అద్దమువలె నిగనిగలాడుచున్నవి. హ్యాండు బ్రేకు తీగె దాని గొట్టములోనే త్రుప్పుపట్టి బిగిసినది. లోపల మీట దించినట్లే యుండును. వెనుక చక్రములకు ఆ వార్త సగమే చేరును.

కారణ మేమనగా, నేను బండిని నిలిపినపుడెల్ల హ్యాండు బ్రేకును బలము కొలది గుంజి పెట్టుదును. హైదరాబాదునకు పోవునపుడును అట్లే గుంజి పెట్టితిని. రెండు మాసములు వాన నీరు కారి, ఆ బిగువులోనే తీగె త్రుప్పుపట్టినది. చాల దినములు నిలుపవలసిన బండిని గేరులో నుంచి, చక్రమునకు ఇటుక అడ్డుపెట్టి, హ్యాండు బ్రేకు వదలి యుంచవలెను. ఈ మాట నాకు మెకానిక్కు చెప్పుటకు పూర్వమే మఱియొకరు చెప్పియుండిరి. మేము ఊరినుండి వచ్చిన వారముననే ఆ కుఱ్ఱవాడు, “మాస్టారూ, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా వదలడం లేదండీ, ఒకసారి చూపిద్దాం” అనెను. మెకానిక్కు షెడ్డుల చుట్టు తిరుగుటకు ఇదియొక నెపమని నేననుకొంటిని. “నీవు సరిగా దించుట లేదు” అని కూడ అంటిని.

ఇంతటితో లెక్క పూర్తి కాలేదు. తీగె మార్చి, క్రొత్త చెప్పులు వేసిన పిదప కొలువగా 13.6 వచ్చినది. ఇంకను కొంత మిగిలినది. ఇది ఇంజను వైపు.

ఇచ్చట కొండమీది పొగ నాకు అక్షరాల ఉపయోగపడినది. ఇంజను వెచ్చబడిన తరువాత కూడ పొగగొట్టము నుండి నల్లని పొగ వచ్చుచు, గొట్టపు అంచున పొడిమసి పేరుకొన్నచో, పెట్రోలు ఎక్కువగాను గాలి తక్కువగాను పోవుచున్నదని గ్రహింపవలెను. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు తూకమున 14.7 పాళ్ళ గాలి కావలెను. గాలి చాలకున్నచో మిగిలిన పెట్రోలు మసియై పోవును. నీలిపొగ వచ్చినచో అది వేఱు. పిస్టను రింగులో వాల్వుల సీళ్ళో అఱిగి ఇంజను ఆయిలు కాలుచున్నదన్నమాట. వెచ్చబడిన పిదపను ఎడతెగక తెల్లని ఆవిరి వచ్చుచు రేడియేటరు నీరు తగ్గుచుండినచో నీరు లోనికి దిగుచున్నది. దానికి ఆలస్యము పనికిరాదు. స్పార్కు ప్లగ్గు విప్పి చూచినను ఇదే కథ చెప్పును. కొన లేత గోధుమ వన్నెలో నున్నచో ఆరోగ్యము. పొడి మసి పట్టినచో పెట్రోలు మితిమీఱినది. నూనె తడి యున్నచో రింగుల అఱుగుడు. సున్నము వేసినట్లు తెల్లగా నున్నచో పెట్రోలు చాలక వేడెక్కుచున్నది. వైద్యుడు నాలుక చూచినట్లు మెకానిక్కు ప్లగ్గు చూచును. మా మూడు ప్లగ్గులును కాటుక పెట్టుకొని యుండెను.

మూడును ఒకే తీరుగ నల్లబడుటయే ఒక సూచన. ఒక్క ప్లగ్గు మాత్రము నల్లబడినచో ఆ సిలిండరులోనే లోపము. అన్నియు నల్లబడినచో అన్నింటికిని ఉమ్మడియైన దానిలో లోపము. ఉమ్మడియైనవి గాలి వచ్చు దారి, పెట్రోలు వచ్చు దారి. ఎయిరు ఫిల్టరు తీసి చూడగా దుమ్ముతో నిండియుండెను గాని, మూసికొనిపోలేదు. ఫిల్టరును గూర్చి ఒక మాట. కార్బురేటరు బండ్లలో ఫిల్టరు మూసికొన్నచో పెట్రోలు ఖర్చు పెరుగుట నిజము. కంప్యూటరు గల బండ్లలో గాలి ఎంత తగ్గిన పెట్రోలు అంతకు తగినట్లు తగ్గించు ఏర్పాటు కలదు గనుక, బండి ఊపు తగ్గును గాని మైలేజీ అంతగా చెడదు. అమెరికాలోని ఓక్ రిడ్జి జాతీయ ప్రయోగశాలవారు 2009లో పరీక్షించి ఈ విషయమును తేల్చిరి. కావున క్రొత్త జాతి బండికి మైలేజీ కొఱకని ఫిల్టరు మార్చి ఆశపడువారు నిరాశపడుదురు.

మా బండిలో దొంగ చోకు దగ్గఱ దాగియుండెను. చలికి ఇంజను తొందరగా అందుకొనుటకై గాలి దారికి అడ్డుపెట్టు రేకు తలుపు అది. డాషుబోర్డు మీది గుబ్బను లాగినచో మూయును, నొక్కినచో తెఱచును. గుబ్బ నొక్కియే యున్నది. కాని ఫిల్టరు తీసి పైనుండి తొంగిచూడగా, ఆ తలుపు పూర్తిగా నిటారు గాక, ఓరగా నిలిచియున్నది. ఆ తీగెయు సాగి, పట్టుకొనిపోయినది. హ్యాండు బ్రేకు తీగె, చోకు తీగె, రెండును ఒకే రోగముతో నుండెను. రెండు చోట్లను మీట ఒకటి చెప్పుచున్నది, లోపల మఱియొకటి జరుగుచున్నది. నేను నమ్మినది మీటలను.

చోకు బాగున్నను మసి తగ్గనిచో, తరువాత చూడవలసినది కార్బురేటరులోని ఫ్లోటును దాని సూదియును. సూది అఱిగినచో పెట్రోలు మట్టము పెరిగి పొంగును. ఇక కంప్యూటరు గల బండ్లలో ముఖ్యముగా రెండు. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సారు ముసలిదైనచో కంప్యూటరునకు తప్పు వార్తలు పంపును. రెండవది థెర్మోస్టాటు. మన ఎండలకు ఇంజను వేడెక్కునని భయపడి, షెడ్డులలో దీనిని తీసి పాఱవేయు ఆచారము కలదు. తీసివేసినచో ఇంజను తగిన వేడికి రాదు. ఇంకను చలిగానే యున్నదని తలచి కంప్యూటరు పెట్రోలు ఎక్కువగా చిమ్మించుచునే యుండును. వేడిని చూపు ముల్లు అరగంట నడిచినను పైకి రాకున్నచో ఈ సందేహము పెట్టుకొనవలెను. ఉపకారమని చేసిన యపకారములలో నిది యొకటి.

క్లచ్చు జాఱుట మఱియొక కారణము. ఎత్తు ఎక్కునపుడు పై గేరులో ఆక్సిలరేటరు తొక్కగా ఇంజను గోల పెరిగి, వేగము పెరగకున్నచో క్లచ్చు పలక అఱిగినది. ఇది ఇంట కూర్చుండి కూడ గుర్తింపవచ్చును. మాటలు ఎక్కువ, పని తక్కువ. టైరులలో గాలిని గూర్చి అందఱును చెప్పుదురు. అందఱును కొంచెము ఎక్కువగానే చెప్పుదురు. నాలుగు టైరులలోను ఒక్కొక్క పౌను గాలి తగ్గినచో మైలేజీ నూటికి 0.2 వంతు మాత్రమే తగ్గును. పది పౌనులు తగ్గినను రెండు పాళ్ళే. గాలి సరిచూడుట టైరు మన్నికకును ప్రాణరక్షణకును తప్పక కావలెను. అయితే దానివలన మూడవ వంతు పెట్రోలు మిగులునని ఆశపడరాదు.

పెట్రోలు కారిపోవుటను గూర్చి మాత్రము తొందరపడవలెను. ఇచ్చట నిదానము పనికిరాదు. ఉదయము కారు తలుపు తెఱవగానే పెట్రోలు వాసన కొట్టినను, నిలిపినచోట నేల తడిసినను, బండిని కదల్పక మెకానిక్కును పిలువవలెను. పాత బండ్ల రబ్బరు గొట్టములు, వాషరులు ఇథనాలు మిశ్రమమునకై చేసినవి కావు. అవి మెత్తబడి పగులవచ్చును. మేమును జాగ్రత్తకై ఆ గొట్టములు మార్పించితిమి. వానివలన మైలేజీ పెరుగలేదు. రాత్రి నిద్ర పట్టినది.

చోకు తీగె, ప్లగ్గులు, ఫిల్టరు మార్చిన తరువాత, రాళ్ళ లెక్కతో సరిచూచిన దూరము ప్రకారము, మూడు కొలతల సగటు లీటరునకు 14.5 కిలోమీటరులు. పదునైదు రాలేదు. ముప్పదియేండ్లు కావచ్చుచున్న ఇంజను. సిలిండరుల బిగువు కొంత తగ్గియుండక తప్పదు. ఆ అర కిలోమీటరు కొఱకు ఇంజను విప్పుట తెలివి కాదని మెకానిక్కు చెప్పగా ఒప్పుకొంటిని. అన్నింటికి కలిపి అయిన ఖర్చు, మొదటి షెడ్డువారు అడిగిన కార్బురేటరు వెలలో సగము కూడ కాలేదు.

ఆ సాయంకాలము చిట్టా చంకబెట్టుకొని ఆ కుఱ్ఱవాని యింటికి పోతిని. నన్ను చూచి అతని తండ్రి లేచి నిలువబడెను. అది నన్ను మఱింత బాధించినది. నేను పొరపడితినని, పెట్రోలు తిన్నది నేను గుంజిన బ్రేకేయని, తండ్రి యెదుటనే చెప్పితిని. కుఱ్ఱవాడు చాలసేపు తల యెత్తలేదు. తుదకు, “ఇప్పుడెంత ఇస్తోందండీ?” అని యడిగెను. పదునాలుగున్నర యంటిని. “ఆ టైర్లు పెద్దవి కదండీ, మీటరు తక్కువ చూపిస్తది. ఆ లెక్క కలిపారా మాస్టారూ?” అనెను. అదియు అతనికి ముందే తెలియును. అడిగినవారు లేరు గనుక చెప్పలేదు.

అతడు మరల మా కొలువునకు రాలేదు. అప్పటికే ఒక బియ్యపు మిల్లులో వ్యాను నడుపుటకు కుదిరియుండెను. జీతము మాకంటె మెఱుగు. మిల్లుకు సెలవైన దినమున వచ్చి మా గృహిణిని గుంటూరునకు తీసికొనిపోవుచున్నాడు. పెట్రోలు పోయించిన రసీదు వెనుక మీటరు అంకె వేసి తెచ్చి, చిట్టా తానే తీసి వ్రాయును. 2025 మార్గశిరము మొదలు అందులోని అంకెలన్నియు అతని చేతివ్రాతలోనివే.